ఇరవై రూపాయల నోటు మీది లైట్‌హౌస్, గాం మల్లుదొర, రాంచీ బస్తీ

  

పోస్టు పెద్దది, తీరిక దొరికినప్పుడే చదవండి. ముందు ఒక పని చేయండి. పాత ఇరవై రూపాయల నోటు ఎవరి దగ్గరైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. ఇప్పుడొచ్చే పసుపుపచ్చ ఎల్లోరా నోటు కాదు, అంతకు ముందున్న ఎర్రది. కొబ్బరి చెట్లు, నీళ్ళు, దూరంగా ఒక కొండ, ఆ కొండ కొసన సన్నగా ఒక లైట్‌హౌస్. 2001 నుంచి మన చేతుల్లో తిరిగిన బొమ్మ అది. చిన్నప్పుడు తాండాలో, గూడెంలో కిరాణా కొట్టుకు పట్టుకుపోయిన నోటే. అది ఎక్కడిదో మాలో ఎవరికీ తెలియదు. అండమాన్‌లోని నార్త్ బే లైట్‌హౌస్ అది, మౌంట్ హ్యారియట్ కొండ దారి నుంచి చూస్తే కనిపించేటట్టు.

మేము పోయింది ఆ లైట్‌హౌస్ చూడటానికే. కానీ అసలు మాట మొదలైంది బంజారా హిల్స్‌లో. రోడ్ నంబర్ 10లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ పక్కపక్కనే ఉన్నాయి గదా, 2022 సెప్టెంబర్ 17న ప్రారంభించినవి. అక్కడ ఒక మీటింగ్ అయిపోయాక బయట ఛాయ్ తాగుతుంటే ఒక జూనియర్ తమ్ముడు అడిగాడు: "అన్నా, బంజారా హిల్స్ అంటరు, మరి ఇక్కడ బంజారాలు ఏరి?" నవ్వాం గానీ జవాబు చెప్పలేకపోయాం. ఈ గుట్టల మీద లంబాడీలు పశువులతో ఉన్నందుకే ఆ పేరు వచ్చిందని, 1930లలో మెహదీ నవాజ్ జంగ్ రాళ్ళ మధ్య ఇల్లు కట్టాక పెద్దోళ్ళ బంగ్లాలు వరుసగా లేచాయని చదివాం. గుట్టకు పేరు మిగిలింది, మనుషులు మిగల్లేదు. పేరు ఉండి మనుషులు లేని ఊళ్ళు ఇంకెన్ని ఉన్నాయోనని మాట్లాడుకుంటూ, అక్కడి నుంచి అండమాన్ దాకా పోయాం. ముందు మాటల్లో, తర్వాత నిజంగానే.

మేము ఆరుగురం: ముగ్గురు లంబాడీ, ఇద్దరు కోయ, ఒకరు గోండు. మన గ్రూపులో లంబాడీ–ఆదివాసీ గొడవలు ఎంత వేడిగా నడుస్తాయో మీకు తెలుసు. షిప్ మీద కూడా నడిచాయి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు షిప్ ఎప్పుడో గానీ ఉండదు. ఎక్కినాక రెండు రోజులు దాటి ప్రయాణం. అంతసేపు నీళ్ళు తప్ప ఏమీ కనిపించకపోతే ఎంతటి గొడవైనా చల్లారిపోతుంది.

మాలో నలుగురికి సముద్రం చూడటం అదే మొదటిసారి. అప్పుడే ఒక అన్న గుర్తుచేశాడు, మన లంబాడీల తాతముత్తాతలకు సముద్రం కొత్తేమీ కాదని. ఎద్దుల మీద కంట్లాలేసుకుని తూర్పు తీరం నుంచి ఉప్పు మోసి దక్కన్ ఊళ్ళకు అమ్మింది వాళ్ళే. ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం, ఆ తర్వాత రైళ్ళు వచ్చి ఆ బతుకును తీసేశాయి. బతుకు పోయి తిరుగుతున్న వాళ్ళను దొంగల జాతి అన్నారు. ఈ కథ భంగ్యా భుక్యా గారు నిజాం కాలపు లంబాడీల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకంలో వివరంగా ఉంది, లైబ్రరీలో దొరికితే వదలకండి.

పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం అని పేరు, 2024 సెప్టెంబర్‌లో మార్చారు. ఊళ్ళో ఇంకా అందరూ పాత పేరే అంటున్నారు. పేర్ల సంగతి అక్కడ పెద్ద కథే. నోటు మీది మౌంట్ హ్యారియట్ ఉంది గదా, హ్యారియట్ ఎవరంటే ఆ జైలు వలసకు అధికారిగా ఉన్న రాబర్ట్ టైట్లర్ అనే దొర భార్య. 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు, 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన మనుషులను అక్కడ ఉంచారు కాబట్టి. మంచిదే. కానీ దొరసాని రాకముందు ఆ కొండను అక్కడి అడవి మనుషులు ఏమని పిలిచేవాళ్ళో ఏ బోర్డు మీదా లేదు.

నార్త్ బేకు అబర్డీన్ జెట్టీ నుంచి పడవ. టికెట్లు అమ్మేవాళ్ళు "నార్త్ బే ఐలాండ్" అంటారు గానీ అది వేరే దీవి కాదు, దక్షిణ అండమాన్ దీవికే ఒక కొస. పడవలో పోతారు కాబట్టి దీవి అనిపిస్తుంది, అంతే. లైట్‌హౌస్ ఎరుపు తెలుపు చారలతో పొడుగ్గా ఉంది. లోపల గుండ్రంగా తిరిగే మెట్లు. పైకెక్కితే ఎదురుగా రాస్ దీవి, దాని వెనక పోర్ట్ బ్లెయిర్ ఊరు, ఊరి ఎత్తు మీద సెల్యులర్ జైలు, మూడూ ఒకే చూపులో పడతాయి. అంత చిన్న జాగాలో అంత చరిత్ర ఇరుక్కుని ఉందని మేము అనుకోలేదు.

ఒక మాట చెప్పాలి. ఈ లైట్‌హౌస్ స్వాతంత్ర్యం వచ్చాక కట్టింది. ఖైదీల ఓడలు వచ్చిన కాలంలో ఇది లేదు. నోటు మీద ఉంది కదా, బ్రిటిష్ కాలందే అయ్యుంటుందని మేమూ అనుకున్నాం. చూసొచ్చాక మాకు అర్థమైందేమంటే, లైట్‌హౌస్ కన్నా దాని మీద నిలబడి కనిపించేదే చరిత్ర.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నావికాధికారి ఇక్కడ మొదటి వలస పెట్టాడు, ఊరికి ఆయన పేరే. జబ్బులు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. మళ్ళీ వచ్చింది 1857 తిరుగుబాటు తర్వాత. 1858 మార్చి 10న వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో దిగాడు. పాఠ్యపుస్తకాల్లో అండమాన్ కథ ఇక్కడ మొదలై సెల్యులర్ జైలు దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఏం జరిగిందో మనలాంటి వాళ్ళే వెతుక్కోవాలి.

జరిగిందేమంటే, ఆ దీవుల్లో అప్పటికే మనుషులున్నారు. గ్రేట్ అండమానీలు అని ఇప్పుడు ఒకే పేరుతో అంటున్నాం గానీ వాళ్ళు పది తెగలు, పది భాషలు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల నేల అకా-బియా అనే తెగది. ఖైదీల చేత అడవి కొట్టించడం మొదలవగానే వాళ్ళు బాణాలు ఎక్కుపెట్టారు. మన మన్యంలో, మన జోడేఘాట్‌లో జరిగిందే అది. పోడు నేల మీదికి, వేట అడవి మీదికి గొడ్డళ్ళు వచ్చినప్పుడు ఎక్కడైనా అదే జరుగుతుంది. 1859 మే 17న వాళ్ళు కూడగట్టుకుని అబర్డీన్ దగ్గర పెద్ద దాడికి వచ్చారు. ఆ దాడి సంగతి ముందే తెలిసిపోయింది.

ఎట్ల తెలిసిందంటే, దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఖైదీ 1858లో జైలు నుంచి పారిపోయి అడవిలో పడ్డాడు. తోటి ఖైదీలు బాణాలకు చచ్చారు, ఇతన్ని మాత్రం అండమానీలు వదిలేశారు. ఏడాది పాటు తమలో కలుపుకున్నారు, పిల్లనిచ్చి పెళ్ళి కూడా చేశారు. దాడి జరగబోతోందని తెలియగానే అతను పారిపోయి వచ్చి దొరలకు చెప్పేశాడు. తుపాకులు, ఓడ మీది ఫిరంగులు సిద్ధంగా పెట్టుకున్నారు. బాణాలతో వచ్చినవాళ్ళు ఎందరు పడిపోయారో సరైన లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. తివారీకి మాత్రం క్షమాభిక్ష దొరికింది. 1857 సిపాయిలను మనం వీరులంటాం, నిజమే. ఆ వీరుల్లో ఒకడు ఇంకో చోట, ఇంకొకరి తిరుగుబాటును అమ్మేశాడు. ఈ రెండు సంగతులూ ఒకే పేజీలో రాసే పుస్తకం మనకు ఇంకా రాలేదు.

ఆ యుద్ధానికి ఒక స్మారకం ఉంది. ఎక్కడనుకున్నారు? వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో. జెట్ స్కీ టికెట్ల కౌంటర్లు, కొబ్బరిబోండాల బండ్ల దగ్గర. మేము పావుగంట అక్కడ నిలబడితే ఆ రాయి దగ్గరికి ఇంకెవరూ రాలేదు. ఒక కుటుంబం మాత్రం మమ్మల్ని పక్కకు జరగమని ఫోటో దిగి పోయింది, వెనక సముద్రం బాగుందని.

తర్వాత రాస్ దీవి. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. నడిచి ఒక పూటలో చుట్టేయొచ్చు, అంత చిన్నది. దొరల రాజధాని అది. చర్చి, బేకరీ, క్లబ్బు, నీళ్ళ ప్లాంటు, కమిషనర్ బంగ్లా, అన్నీ అక్కడే. కట్టింది ఖైదీలు, ఉన్నది దొరలు. 1941 జూన్‌లో భూకంపం వచ్చి పాడైంది, మరుసటి ఏడాది జపాన్ సైన్యం వచ్చింది. ఇప్పుడు గోడలన్నిటినీ మర్రి ఊడలు పట్టుకుని నిలబెట్టాయి, మధ్యలో జింకలు తిరుగుతుంటాయి. దీవి కొసన నీళ్ళల్లో ఇంకో చిన్న లైట్‌హౌస్ ఉంది. అందరూ ఆ లైట్‌హౌస్ దగ్గర, ఊడల దగ్గర సెల్ఫీలు దిగుతారు. మేమూ దిగాం, అబద్ధమెందుకు.

కానీ రాస్ దీవి గురించి మేము చెప్పదలుచుకున్నది వేరే. 1860లలో హెన్రీ కార్బిన్ అనే పాదిరి ఇక్కడ "అండమాన్ హోమ్" పెట్టాడు. అడవి మనుషులను పట్టుకొచ్చి బట్టలు కట్టించి, ఇంగ్లీషు నేర్పించి, నాగరికులను చేయడం దాని ఉద్దేశం. హాస్టళ్ళలో పెరిగిన మనకు ఈ మాట చదవగానే వీపు మీద ఏదో పాకినట్టు ఉంటుంది. మన ఆశ్రమ పాఠశాల, గురుకులం వేరు, అవి మనల్ని చదివించాయి, ఒప్పుకుంటాం. అయినా మొదటి రోజు జుట్టు కత్తిరించి, ఇంటి భాష మాట్లాడితే బెత్తం చూపించిన సంగతి మాలో ఎవరం మర్చిపోలేదు. అండమాన్ హోమ్‌లో జరిగింది అంతకన్నా చాలా ఘోరం. 1876 నాటికి సవాయి రోగం, 1877లో తట్టు, మొత్తం తెగలకు తెగలే ఊడ్చుకుపోయాయి. ఆ హోమ్‌లో పుట్టిన 150 మంది పిల్లల్లో ఒక్కరు కూడా రెండేళ్ళు దాటి బతకలేదని చరిత్రలో నమోదై ఉంది.

లెక్క చూడండి. 1858లో గ్రేట్ అండమానీలు సుమారు 5,000 మంది ఉండొచ్చని అంచనా. 1901 జనగణనలో 625. 1961లో 19. పందొమ్మిది మంది! మన ఒక తరగతి గదిలో సగం కూడా కాదు. ఇప్పుడు స్ట్రెయిట్ దీవిలో కొద్ది కుటుంబాలుగా కాస్త పెరిగారు గానీ భాషలు పోయాయి. అకా-బో భాష మాట్లాడే చివరి మనిషి, బోవా అనే ముసలమ్మ, 2010 జనవరి 26న కన్నుమూసింది. ఆ రోజు మనం బళ్ళో జెండా ఎగరేసి లడ్డూలు తిని ఉంటాం. ఆమె చివరి రోజుల్లో తన భాషలో మాట్లాడటానికి ఇంకొక మనిషి లేక పిట్టలతో మాట్లాడుకునేదని ఆ భాష మీద పనిచేసినవాళ్ళు చెప్పారు. మాలోని గోండు తమ్ముడు అది విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ అమ్మతో గోండిలో మాట్లాడతాడు, హైదరాబాద్‌లో పెరుగుతున్న అక్క పిల్లలతో తెలుగులో.

జారవాలను చూపిస్తామని బారాటాంగ్ వైపు టూర్లు పిలుస్తుంటారు. ఆ రోడ్డు జారవాల అడవి మధ్యలో నుంచి పోతుంది, దాన్ని మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా బండ్లు నడుస్తున్నాయి. మేము పోలేదు. మనుషులను చూడటానికి టికెట్ కొనడం మన వల్ల కాదు.

ఇక సెల్యులర్ జైలు. దాని గురించి మీకందరికీ తెలుసు, కాబట్టి క్లుప్తంగా. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. నడిమిట్ల బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లాగా ఏడు వరుసలు, ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక గది వాకిలి ఇంకో వరుస వీపుకు ఎదురుగా ఉంటుంది, ఎవరి మొహం ఎవరికీ కనపడకుండా. కొబ్బరి నూనె గానుగకు ఎద్దుల బదులు మనుషులను కట్టేవాళ్ళు. కప్పు మీదికి ఎక్కినప్పుడు గైడ్ జేబులో నుంచి పాత ఇరవై నోటు తీసి, నార్త్ బే వైపు చూపించి, "యహీ హై" అన్నాడు. అందరికీ చూపిస్తాడట.

ఆ గైడ్ చెప్పిన పేర్లలో మేము వెతుక్కుంటూ పోయిన పేరు రాలేదు. గాం మల్లుదొర.

చింతపల్లి, గూడెం వైపు మిత్రులకు కొత్తగా చెప్పేదేమీ లేదు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నాం. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు. ఊరు బట్టిపణుకుల. గంటందొర ఆ ఊరి మునసబు. బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దార్ నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనిలో గిరిజనుల చేత వెట్టి చేయించి, కూలి ఎగ్గొట్టి, అడిగినవాళ్ళను కొట్టించేవాడు. గాం సోదరులు అతనికి ఎదురు తిరిగి ఉన్నదంతా పోగొట్టుకున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడి ఆ పోరాటం నడిపిన వాళ్ళల్లో ఈ అన్నదమ్ములే ముఖ్యులు. 1923 సెప్టెంబర్‌లో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును చంపారు, మరుసటి నెల గంటందొరను. మల్లుదొరకు ద్వీపాంతరం వేసి అండమాన్ జైలుకు పంపారు.

మన్యం నుంచి అండమాన్ చేరిన వాళ్ళల్లో ఆయనే మొదటివాడు కాదు. అంతకు నలభై ఏళ్ళ ముందు, చిగురు పన్ను మీద, కల్లు మీద, పోడు మీద 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు పట్టుబడినవాళ్ళల్లో చాలామందిని ఇక్కడికే పంపారు. వాళ్ళ పేర్లు కూడా మనకు రావు.

మల్లుదొర మాత్రం తిరిగొచ్చాడు. తిరిగొచ్చి 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచాడు. ఒకసారి ఆలోచించండి: వెట్టి చేయమన్న రాజ్యాన్ని కొట్టి, కాలాపానీ దాటి, మళ్ళీ బతికొచ్చి ఢిల్లీ పార్లమెంటులో కూర్చున్న మన్యం మనిషి. బంజారా హిల్స్ పక్కనే ఫిల్మ్‌నగర్, అక్కడ సీతారామరాజు మీద సినిమాలు ఎన్నిసార్లైనా తీస్తారు. అన్నదమ్ముల పేర్లు ఆ కథల్లో పక్క పాత్రలే. సీతారామరాజు గొప్పతనం మీద మాకు అనుమానమేమీ లేదు. మల్లుదొర మీద ఒక్క సినిమా ఎందుకు రాలేదన్నదే మా గోల.

ఆయన కాలంలో ఆ ఎర్ర చారల లైట్‌హౌస్ లేదని చెప్పాం గదా. జైలు కప్పు మీద నిలబడ్డ మాలో ఒకరు అన్నారు: ఆయన అటు చూస్తే ఏం కనిపించి ఉంటుంది? కొండ, అడవి. గూడెం కొండల్లాంటిదే.

సాయంత్రం జంగ్లీఘాట్ పోయాం. అక్కడంతా మన తెలుగోళ్ళే, ఉత్తరాంధ్ర నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. చేపలమ్మే ఒక పెద్దమ్మ మా మాట విని "ఎక్కడోళ్ళు బాబూ మీరు?" అని పలకరించింది. హైదరాబాద్ అన్నాం. "ఓలమ్మ, అంత దూరవేఁ" అని టీ తాగించింది. మల్లుదొర పేరు వినలేదంది. సీతారామరాజు పేరు మాత్రం విందట, సినిమాలో చూసిందట.

మరుసటి రోజు రాంచీవాళ్ళు ఉండే ఒక బస్తీకి వెళ్ళాం. ఈ భాగం మీరు జాగ్రత్తగా చదవాలి. 1918 నుంచి అడవి కొట్టడానికి, రోడ్లు వేయడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి ఒరావ్, ముండా, ఖరియా ఆదివాసీలను కూలీలుగా తెచ్చారు. రాంచీ నుంచి వచ్చారు కాబట్టి రాంచీవాలాలు. అండమాన్ అడవి కొట్టిన గొడ్డళ్ళల్లో ఎక్కువ వాళ్ళవే. ఒకచోట అడవి పోయి వచ్చిన ఆదివాసీలతోనే ఇంకో ఆదివాసీల అడవిని నరికించారు. వందేళ్ళు దాటింది. అండమాన్ నికోబార్ ఎస్టీ జాబితాలో ఆరు పేర్లే ఉన్నాయి: అండమానీ, జారవా, నికోబారీ, ఓంగే, సెంటినలీ, షాంపెన్. రాంచీవాళ్ళు లేరు. జార్ఖండ్‌లో ఎస్టీ అయిన ముండా పిల్లవాడు పోర్ట్ బ్లెయిర్‌లో పుడితే ఎస్టీ కాదు.

బస్తీలో ఒక పెద్దాయన మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మీ ఊళ్ళో ఎట్లుంటదని అడిగాడు. లంబాడీ అన్న హిందీలో చెప్పాడు: "దాదా, మేము తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో మా వాళ్ళు ఎస్సీ, మహారాష్ట్రలో మా వాళ్ళు విముక్త జాతి. భాష ఒకటే, దేవుడొకడే." పెద్దాయన నవ్వి, "తో తుమ్ భీ హమారే జైసే" అన్నాడు. తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు ఎస్టీ హోదా వచ్చింది 1976లోనే కదా, అంతకు ముందు మా తాతలూ ఆ పెద్దాయన లాగానే ఆఫీసుల చుట్టూ తిరిగారు. షిప్‌లో అంత గట్టిగా వాదించిన కోయ తమ్ముడు అక్కడ మాత్రం ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు "కేసు వేరే అన్నా" అన్నాడు. వేరేనే కావచ్చు. ఆ చర్చ ఇంకా అయిపోలేదు.

ఇందిరా పాయింట్‌కు పోవాలని ఉండె, డబ్బులు, సెలవులు సరిపోలేదు. దేశానికి దక్షిణ కొస అది, గ్రేట్ నికోబార్‌లో. 1972లో అక్కడ లైట్‌హౌస్ పెట్టారు. 2004 డిసెంబర్ 26 సునామీ నాడు నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి, నేల మీదున్న లైట్‌హౌస్ నీళ్ళలో నిలబడింది. ఆ దీవి అడవిలో షాంపెన్లు ఉంటారు, 2011 జనగణనలో 229 మంది. అక్కడే పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కట్టడానికి 2022 నవంబర్‌లో అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి తీస్తారు. ముందు ఒప్పుకున్న అక్కడి ట్రైబల్ కౌన్సిల్, అదే నెలలో ఒప్పుకోలు వెనక్కి తీసుకుంది. పోలవరం ముంపు మండలాల నుంచి ఈ గ్రూపులో ఉన్న మిత్రులకు దీనికి మించి వివరించక్కర్లేదు.

పోవాలనుకునే వాళ్ళకు: షిప్‌లో బంక్ క్లాస్ టికెట్ అన్నిటికన్నా చవక, ముందే చూసుకోండి. వాంతులకు మాత్రలు, నిమ్మకాయలు పెట్టుకోండి. నార్త్ బే, రాస్ ఒకే రోజు అవుతాయి. సెల్యులర్ జైలుకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి, అబర్డీన్ స్మారకం దగ్గర ఒక పావుగంటైనా నిలబడండి.

ఇంకొక్క పని ఉంది. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు, రాజవొమ్మంగి, అడ్డతీగల, రంపచోడవరం మండలాల మిత్రులు ఇళ్ళకు పోయినప్పుడు తాతలను, అవ్వలను అడగండి: మన ఇంట్లో గానీ, ఊళ్ళో గానీ ద్వీపాంతరం పోయి తిరిగి రాని వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. పేరు, ఊరు, ఏ కాలంలో పోయారో గుర్తున్నంత వరకు కింద రాయండి. ఫోన్‌లో వాళ్ళ గొంతు రికార్డు చేసి పంపినా సరే, రాసిపెట్టే పని మేము చూసుకుంటాం.